యెరవాన్ కాస్కేడ్: మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో, ఏడేళ్ల బాబుతో ఎలా చూడాలి

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. షార్జా నుంచి అక్టోబర్ మొదటి వారంలో మూడు రోజులకు ఆర్మేనియా రాజధాని యెరవాన్ వస్తున్నారు. వెంట అమ్మగారు, నాన్నగారు, ఏడేళ్ల బాబు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఇక్కడ కొండవాలు మీద కట్టిన పెద్ద మెట్ల కట్టడం కాస్కేడ్‌కి 572 మెట్లని ఎక్కడో చదివి టెన్షన్ పడుతున్నారు. మీవారేమో "మెట్లు చూడటానికి అరపూట దేనికి, కింద నిలబడి ఫోటో దిగి వచ్చేద్దాం" అంటున్నారు. పైనుంచి అరారాత్ కొండ కనబడుతుందా లేదా అన్నది ఇంకో సందేహం.

ముందు అమ్మగారి సంగతి. ఆవిడ ఆ మెట్లు ఎక్కక్కర్లేదు. బయట కనిపించే ఆ పెద్ద మెట్ల కింద, అంటే కొండ లోపల, ఎస్కలేటర్లు ఉన్నాయి. మొత్తం ఏడు, ఒకదాని తర్వాత ఒకటి. వాటికి టికెట్ లేదు. కింద గార్డెన్ చివర మెట్లు మొదలయ్యే చోట మధ్యలో గాజు తలుపులుంటాయి, చాలామంది అది ఏదో ఆఫీసు అనుకుని పక్కనుంచి మెట్లెక్కడం మొదలుపెడతారు, సగం దూరం వెళ్లి ఆయాసపడుతున్నప్పుడు పక్క తలుపులోంచి జనం తాపీగా బయటికి రావడం చూసి అప్పుడు తిట్టుకుంటారు. తిరుమల అలిపిరి మెట్లెక్కినవాళ్లకు 572 ఒక లెక్క కాదనుకోండి, కానీ అక్కడ గోవిందా అంటూ నీడలో ఎక్కుతాం, ఇక్కడ తెల్లరాయి మీద ఎండ కొట్టి కళ్లు మూసుకుపోతాయి.

నేను మెడిసిన్ చదవడానికి ఇక్కడికొచ్చి ఉండిపోయినవాణ్ణి. ఆంధ్రా, తెలంగాణ పిల్లలు ఇక్కడి మెడికల్ యూనివర్సిటీలో చాలామందే ఉంటారు, వాళ్ల అమ్మానాన్నలు చూడటానికొచ్చినప్పుడల్లా ఊరు చూపించే పని ఎలాగోలా నా మెడకే చుట్టుకుంటుంది. దుబాయ్ నుంచి మూడు రోజుల ట్రిప్పుకొచ్చే చుట్టాలు సరేసరి. కాబట్టి ఇంత వయసువాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి, పిల్లలు ఎక్కడ విసిగిస్తారు, ఎక్కడ నోరు తెరుచుకుని చూస్తారు అన్నది కొంచెం అలవాటైంది.

నేను అందరికీ చెప్పేది ఒక్కటే. ఎస్కలేటర్‌లో పైకి వెళ్లండి, బయట మెట్ల మీదుగా దిగుతూ చూడండి. కాళ్లు కాపాడుకోవడానికి మాత్రమే కాదు ఇది. కాస్కేడ్ ఊరికి ఉత్తరాన ఉన్న కొండవాలుకు ఆనించి కట్టినది. ఎక్కేటప్పుడు మీ మొహం రాయి వైపు, వీపు ఊరి వైపు ఉంటాయి. ముందు ఎక్కాల్సిన మెట్లు తప్ప ఏమీ కనపడవు. దిగేటప్పుడు ఊరంతా ఎదురుగా ఉంటుంది, ఒపేరా భవనం గుండ్రటి కప్పు, టఫ్ అనే గులాబీ రంగు అగ్నిపర్వతపు రాతి ఇళ్లు, టవర్ క్రేన్లు (ఇవి ఈమధ్య చాలా ఎక్కువైపోయాయి), వాటన్నిటి వెనక దక్షిణాన అరారాత్. ఒక్కో అంతస్తు దిగుతుంటే అదే దృశ్యం కొంచెం కొంచెంగా దగ్గరికొస్తూ ఉంటుంది. పైగా అంతస్తుకొకటి చొప్పున మధ్యలో ఫౌంటెన్లు, పూల మడులు, చెక్కిన రాతి గోడలు ఉంటాయి. ఎక్కేవాడు తల వంచుకుని మెట్లు లెక్కపెట్టుకుంటూ వాటి పక్కనుంచే పోతాడు.

అమ్మగారికి మెట్లు దిగడం కూడా కష్టమే కదా అంటారు, నిజమే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దిగడమే ఎక్కువ బాధ. ఆవిడ దిగాల్సింది లేదు. ఎస్కలేటర్ ప్రతి మజిలీ దగ్గరా బయట చప్టా మీదికి వెళ్లే తలుపు ఉంది. మీరూ బాబూ బయట ఒక అంతస్తు దిగండి, అమ్మగారు నాన్నగారు లోపలి నుంచి అదే అంతస్తుకు రానివ్వండి, చప్టా మీద కలుసుకోండి. ఇలా చేస్తే ఆవిడ దాదాపు అన్నీ చూస్తారు. ఒక్క జాగ్రత్త: ఎస్కలేటర్లకు టైములున్నాయి, ఉదయం ఎనిమిదికి ముందు లెక్కలోకి తీసుకోకండి, రాత్రి మూసే వేళ కింద తలుపు దగ్గర చూసుకోండి. ఎప్పుడైనా రిపేరుకని ఒకటి ఆపితే ఆ కాస్త దూరం ఆగిపోయిన ఎస్కలేటర్ మీదే నడవాలి, అది మామూలు మెట్లకన్నా ఎత్తుగా ఉండి మోకాళ్లకు ఇంకా ఇబ్బంది. అందుకని కిందే సెక్యూరిటీ మనిషిని అన్నీ నడుస్తున్నాయా అని చేత్తో సైగ చేసి అడిగినా చెబుతారు. వీల్‌చైర్ అవసరమైతే మాత్రం ముందుగా కాస్కేడ్ లోపలున్న ఆర్ట్ సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

ఇక మీవారి "మెట్లు చూడటానికి అరపూట దేనికి" అన్న ప్రశ్న. ఆయనకు ఇది చెప్పండి: మెట్లలా కనిపించేదంతా పైకప్పు. కింద ఒక మ్యూజియం ఉంది. పేరు కఫెస్‌జియన్ సెంటర్ ఫర్ ది ఆర్ట్స్. ఎస్కలేటర్ ఎక్కుతున్నప్పుడే పక్కన విశాలమైన చప్టాల మీద శిల్పాలు, గాజు పనితనం, చిత్రమైన కుర్చీలు కనపడతాయి, నిలబడి చూసి మళ్లీ తర్వాతి ఎస్కలేటర్ ఎక్కొచ్చు. ఇంత మంచి ఆర్ట్‌ని పైసా కట్టకుండా నిలబడిన చోటునుంచి కదలకుండా చూపించే ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు.

దీని కథ కొంచెం చెప్పాలి, లేకపోతే పైకి వెళ్లాక అక్కడ కనిపించే గొయ్యి చూసి "ఇదేంటి సగంలో వదిలేశారు" అంటారు. ఆధునిక యెరవాన్‌కి ప్లాన్ గీసింది అలెగ్జాండర్ తమన్యాన్ అనే ఆర్కిటెక్ట్. 1924లో ఆయన గీసిన ప్లాన్ ప్రకారమే ఇప్పటి సిటీ సెంటర్ అంతా ఉంది, ఒపేరా కూడా ఆయనదే. కింద ఉన్న సిటీ సెంటర్‌నీ, పైన కొండమీది ఉత్తర భాగాన్నీ పచ్చదనంతో, జారే నీళ్లతో కలపాలన్నది ఆయన ఆలోచన. 1936లో పోయారాయన, ఆ ఆలోచన కాగితం మీదే ఉండిపోయింది. 1970ల చివర్లో జిమ్ తొరోస్యాన్ దాన్ని బయటికి తీసి, ఉత్త మెట్లుగా కాకుండా లోపల హాళ్లు, ఎస్కలేటర్లు, బయట తోటలు కలిపి కొత్తగా గీశారు. సోవియట్ కాలంలోనే పని మొదలైంది, పెద్ద భాగం లేచింది. 1988 డిసెంబర్‌లో స్పితాక్ భూకంపం వచ్చింది, వేలమంది చనిపోయారు, దేశంలో ఉన్న సిమెంటు, డబ్బు, మనుషులు అంతా అటు పోవాల్సివచ్చింది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. తర్వాత పదేళ్లకు పైగా ఇది పాడుబడి ఉంది. కరెంటే సరిగ్గా లేని ఆ రోజుల గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు, మెట్ల సంగతి ఎవరికి పట్టింది.

2002లో జెరార్డ్ కఫెస్‌జియన్ అనే అమెరికన్ ఆర్మేనియన్ ముందుకొచ్చాడు. బ్రూక్లిన్‌లో పుట్టి, పబ్లిషింగ్ రంగంలో డబ్బు సంపాదించి, జీవితమంతా ఆర్ట్ కొనుక్కుంటూ పోయిన మనిషి. గాజు శిల్పాలంటే పిచ్చి. ఆయన ఫౌండేషన్ బాగుచేతకి పూనుకుని, సొంత కలెక్షన్‌లోంచి శిల్పాలు తెచ్చి పెట్టింది. 2009 నవంబర్‌లో సెంటర్ తెరిచారు. అంటే 1924 నాటి ఊహ, సోవియట్ సిమెంటు, అమెరికా డబ్బు మూడూ కలిసిన కట్టడం ఇది, అందుకే కింద సొగసుగా ఉండి పైకి పోయేకొద్దీ గచ్చు పెచ్చులూడి కనిపిస్తుంది. కొందరికి అది నచ్చదు. నాకు మాత్రం నున్నగా ఉన్న కింది భాగంకన్నా పైన గడ్డి మొలిచిన మెట్లే ఇష్టం, అక్కడ జనం తక్కువ, కూర్చున్నా ఎవరూ లేపరు.

కింద గార్డెన్ దగ్గరికొద్దాం, మీ బాబుకి ఇదే అసలు ఆట. మెట్లకు ముందు తమన్యాన్ పేరుతో ఒక వీధి ఉంది, మధ్యలో పచ్చిక, రెండు పక్కలా కెఫేలు. మొదట్లోనే తమన్యాన్ విగ్రహం ఉంటుంది, ఆగి చూడండి, మామూలు నాయకుడి విగ్రహంలా చెయ్యెత్తి నిలబడి ఉండడు. పెద్ద రాతిబల్ల మీద రెండు చేతులూ ఆనించి, వంగి, ప్లాన్ చూసుకుంటున్నట్టు ఉంటాడు. 1974లో పెట్టారు.

అక్కడినుంచి బొతేరో పిల్లి. కొలంబియా శిల్పి ఫెర్నాండో బొతేరో చేసిన కంచు పిల్లి, నల్లగా నిగనిగలాడుతూ, బొద్దుగా, మెడ ఎక్కడుందో తెలియనంత లావుగా ఉంటుంది. యెరవాన్‌లో ఎవరినైనా కలవాలంటే "పిల్లి దగ్గర ఉంటా" అంటే చాలు. కాళ్ల సందుల్లోంచి దూరని పిల్లాడు ఉండడు. పైకెక్కించకండి, కాపలావాళ్లు అరుస్తారు. బొతేరోవి ఇంకో రెండున్నాయి, ఇక్కడ మాత్రం పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు ముందే చెప్పడం నా ధర్మం: ఒకటి రోమన్ యోధుడు, హెల్మెట్, డాలు తప్ప ఒంటిమీద నూలుపోగు లేదు, వెనక నుంచి చూస్తే ఇంకా భారీ మనిషి. రెండోది బోర్లా పడుకుని సిగరెట్ కాలుస్తున్న ఆవిడ, ఈవిడకీ బట్టల్లేవు. మనవాళ్లు వచ్చినప్పుడు నాన్నగార్లు హఠాత్తుగా ఫోన్‌లో ఏదో అర్జంటు మెసేజ్ చూసుకుంటూ దాటేయడం, అమ్మలు "పాపం ఎంత తిన్నాడో" అని నవ్వుకోవడం నాకు అలవాటే. బాబు అడిగే ప్రశ్నలకు జవాబు మీరే చూసుకోండి.

ఈ గార్డెన్‌లో నాకు అన్నిటికన్నా బాగా నచ్చేది కొరియా శిల్పి జీ యోంగ్ హో చేసిన సింహం. దూరం నుంచి నల్లరాయిలా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి ఒక అడుగు దూరంలో నిలబడి చూడండి, మొత్తం పాత టైర్లు. లారీ టైరు ముక్కల్ని పట్టీలుగా కోసి, కండ ఎటు తిరిగితే పట్టీ అటు తిరిగేలా స్క్రూలు కొట్టి బిగించారు. టైరు మీద గాడులు అలాగే ఉన్నాయి. భుజం దగ్గర అవి గుండ్రంగా తిరుగుతాయి, డొక్క దగ్గర సన్నగా నిలువుగా దిగుతాయి, జూలు దగ్గర అంచులు చీలికలుగా లేచి ఉంటాయి. వేసవి మధ్యాహ్నం పక్కన నిలబడితే రబ్బరు వాసన కూడా వస్తుంది. మొన్నొకసారి మెకానిక్ షెడ్ నడిపే ఒకాయన కర్నూలు నుంచి కొడుకును చూడటానికొచ్చాడు, మిగతా గార్డెన్ అంతా పది నిమిషాల్లో చుట్టేసి ఈ సింహం దగ్గర మాత్రం కూలబడ్డాడు. ఏ ముక్క ఏ బండిదో చెప్పుకుంటూ పోయాడు.

ఇంకా బ్యారీ ఫ్లానగన్ కుందేళ్లున్నాయి, పెద్ద గంట మీదుగా దూకుతున్న కుందేలు ఒకటి, ఒకదాని మీద ఒకటి సర్కస్ చేస్తున్నవి ఇంకో జత. పోర్చుగల్ శిల్పి జువానా వాష్‌కొన్సెలోష్ ఇనుప అల్లికతో చేసిన మనిషంత టీపాట్, మన పాత ఇళ్ల కిటికీ గ్రిల్స్ డిజైన్లు గుర్తొస్తాయి. లిన్ చాడ్విక్ చేసిన మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఎదురుపడే ఇద్దరు ఆడవాళ్లు. అన్నీ చూడాలని పట్టు పట్టకండి. శిల్పాలు అప్పుడప్పుడు చోటు మారుతుంటాయి కూడా, కాబట్టి ఫలానాది ఫలానా చోటే ఉందని నేను రాసినా మీరొచ్చేసరికి ఉండకపోవచ్చు.

గార్డెన్ అయ్యాక లోపలికెళ్లి పైకి. మధ్యలో ఆగాల్సినవి రెండు. ఒక అంతస్తులో బయటికొస్తే నీళ్లలోకి దూకబోతున్న భంగిమలో ఈతగాళ్ల బొమ్మలుంటాయి, డేవిడ్ మార్టిన్ చేసినవి, వాళ్ల వెనక నిలబడి ఫోటో తీస్తే ఊళ్లోకే దూకుతున్నట్టు వస్తుంది. బాబును కూడా అలాగే చేతులు చాపి నిలబెట్టండి.

రెండోది గ్రిగోర్ ఖంజ్యాన్ గ్యాలరీ. నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే ఇది వదలకండి. గోడంత పొడవున మూడు పెద్ద చిత్రాలు: ఒకటి ఆర్మేనియన్ లిపి పుట్టడం, ఒకటి 451లో పర్షియన్లతో జరిగిన అవరాయ్ర్ యుద్ధం, మూడోది దేశం మళ్లీ లేచి నిలబడటం. వాళ్ల లిపిని 405లో మెస్రోప్ మాష్తోత్స్ అనే సన్యాసి తయారుచేశాడు, ఇప్పటికీ అదే రాస్తున్నారు, అందుకని లిపి పుట్టుకను యుద్ధంతో సమానంగా గోడకెక్కించారు. అది చూశాక ఊళ్లో బోర్డుల మీద రాతలు కూడా కొత్తగా కనపడతాయి. గ్యాలరీల్లోకి వెళ్లడానికి టికెట్ ఉంటుంది, సోమవారం మూసేస్తారు, మిగతా రోజుల్లో కూడా కొన్ని రోజులు సాయంత్రం పెందలాడే మూస్తారు. అంటే సోమవారం వెళితే ఎస్కలేటరూ, గార్డెనూ ఉంటాయి కానీ ఇది మిస్సవుతారు. మీ మూడు రోజుల్లో సోమవారం పడుతుంటే కాస్కేడ్ ఇంకో రోజుకు మార్చుకోండి.

అరారాత్ మాట. కనబడుతుందా అంటే కొండ దయ. పెద్ద శిఖరం 5,137 మీటర్లు, పక్కన చిన్నది 3,896. రెండూ ఇప్పుడు టర్కీలో ఉన్నాయి. సరిహద్దు 1993 నుంచి మూసే ఉంది, కాబట్టి వీళ్ల జాతీయ చిహ్నం మీద ఉన్న కొండకు వీళ్లు నేరుగా నడిచి వెళ్లలేరు, రోజూ చూస్తారంతే. ఆ సంగతి తెలిసి చూస్తే పక్కన నిలబడిన ముసలాయన ఎందుకంతసేపు చూస్తున్నాడో అర్థమవుతుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నానికి మసక కమ్మేసి అక్కడ కొండ ఉందంటే నమ్మలేం. మీరొచ్చేది అక్టోబర్ కాబట్టి అవకాశం బాగుంది. కానీ పొద్దున్నే వెళ్లాలి. మనకు కనిపించేది కొండ ఈశాన్యం వైపు, పొద్దుటి ఎండ దాని మీద సూటిగా పడి మంచు మడతలు కూడా తెలుస్తాయి. సాయంత్రానికి సూర్యుడు పడమటికి వాలిపోయి ఒట్టి నీలం ఆకారం మిగులుతుంది. అదీ అందమే, కాకపోతే ఫోన్ కెమెరాలో రాదు.

పొద్దున్నే అంటే ఇంకో లాభం, ఈ ఊరు ఆలస్యంగా లేస్తుంది. ఎనిమిదింటికి కాస్కేడ్ మీద చీపురు పట్టిన అమ్మలు, కుక్కను తిప్పేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. అదే శనివారం సాయంత్రం అయితే సగం యెరవాన్ అక్కడే ఉంటుంది, పెళ్లి ఫోటోలు, గిటార్లు, మెట్ల మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికేవాళ్లు. వేసవిలో కొన్ని సాయంత్రాలు కింద కచేరీలు పెడతారు, మెట్లే గ్యాలరీ. అమ్మగారికి ఆ సందడి బాగుంటుందంటే రెండోసారి రాత్రి భోజనం తర్వాత ఒక అరగంట తీసుకురండి, లైట్లలో కింద నుంచి చూస్తే చాలు, ఎక్కక్కర్లేదు. అక్టోబర్‌లో సాయంత్రం చలి వేస్తుంది, షార్జా నుంచి వచ్చేవాళ్లకు ఇంకా వేస్తుంది, స్వెట్టర్ మరిచిపోకండి. చెప్పులు అడుగు నున్నగా ఉన్నవి వద్దు, ఫౌంటెన్ నీళ్లు చిందిన చోట ఆ రాయి జారుతుంది. డిసెంబర్ తర్వాత వచ్చేవాళ్లయితే బయట మెట్లు మంచు గట్టిపడి గాజులా ఉంటాయి, లోపలి దారే మంచిది.

ఎస్కలేటర్లు అయిపోయిన చోట కాస్కేడ్ అయిపోదు. పైన పూర్తికాని భాగం ఉంది, పునాదులు, ఇనుప చువ్వలు, పెద్ద గొయ్యి, చుట్టూ కంచె. దాని అవతల సోవియట్ ఆర్మేనియా 50 ఏళ్ల గుర్తుగా నిలబెట్టిన పొడవాటి రాతి స్తంభం. అక్కడికి వెళ్లాలంటే పని జరిగే చోటును చుట్టి పక్కదారిన, కొన్ని మెట్లు ఎక్కి వెళ్లాలి. ఇక్కడ ఎస్కలేటర్ లేదు. అమ్మగారిని ఇక్కడికి తీసుకెళ్లకండి, ఎస్కలేటర్ల పై చప్టా మీదినుంచే దృశ్యం నిండుగా ఉంటుంది, ఇంకా పైకెళ్లినందువల్ల కొండ పెద్దదేమీ అవదు. కోడిగుడ్డుకి ఈకలు పీకేవాళ్లు కొందరు "స్తంభం దాకా వెళ్లకపోతే చూసినట్టు కాదు" అంటారు, పట్టించుకోకండి.

మీవారికీ బాబుకీ ఓపికుంటే మాత్రం స్తంభం దాటి రోడ్డవతల విక్టరీ పార్కు ఉంది, అందులో పాతకాలపు జెయింట్ వీల్, ఇంకా మదర్ ఆర్మేనియా విగ్రహం. కత్తి అడ్డంగా పట్టుకున్న ఆవిడ, విగ్రహం ఒక్కటే 22 మీటర్లు. కింద ఉన్న పీఠం ముందు స్టాలిన్ కోసం కట్టింది, 1950లో ఆయన్ని పెట్టి 1962లో దించేశారు, 1967లో ఈవిడ వచ్చింది. పీఠం కట్టిన ఆర్కిటెక్ట్ రఫాయెల్ ఇస్రాయెల్యాన్ లోపలి భాగాన్ని గుట్టుచప్పుడు కాకుండా పాత ఆర్మేనియన్ చర్చి పద్ధతిలో కట్టేశాడు, అదీ స్టాలిన్ కాళ్ల కింద. ఇప్పుడు అందులో సైనిక మ్యూజియం ఉంది. అమ్మగారు కూడా చూడాలంటే కాస్కేడ్ నుంచి నడవడం మానేసి, వేరే పూట టాక్సీలో నేరుగా పార్కుకు వెళ్లండి. యాండెక్స్ గో, లేదంటే ఇక్కడి జీజీ యాప్ వాడండి, రోడ్డు మీద ఆపి బేరాలాడే అవసరం లేదు. హోటల్ మెట్రో దగ్గరుంటే కాస్కేడ్‌కి దగ్గరి స్టేషన్ యెరితసర్దకాన్, అక్కడినుంచి పది నిమిషాల నడక, కానీ యెరవాన్ మెట్రో చాలా లోతు, ఎస్కలేటర్ వేగం కూడా ఎక్కువ, పెద్దవాళ్లు తడబడతారు, టాక్సీయే నయం.

మొత్తం టైము: గార్డెన్‌కి ముప్పావుగంట, పైకి ఆగుతూ ఆగుతూ ఇంకో గంట, ఖంజ్యాన్ గ్యాలరీ, దిగడం కలిపి గంటన్నర. గ్యాలరీలు పదింటికి గానీ తెరవరు కాబట్టి ఎనిమిదిన్నరకు గార్డెన్, పదింపావుకల్లా పైన అరారాత్, దిగుతూ గ్యాలరీ అని పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. బాబు మధ్యలో విసిగిస్తే ఎస్కలేటర్ ఇంకోసారి ఎక్కిస్తానని ఆశ పెట్టండి. మధ్యాహ్నం ఓపికుంటే మతెనదరాన్ దగ్గరే, పాత చేతిరాత పుస్తకాల మ్యూజియం. నాన్నగారికి అక్కడ ఒక మాట చెప్పండి: ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక అచ్చయింది మన మద్రాసులో, 1794లో. వ్యాపారం కోసం వచ్చిన ఆర్మేనియన్లు మన వైపు బాగానే తిరిగారు, హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడ టాక్సీ డ్రైవర్‌తో మద్రాసు పేరెత్తితే కొందరు వెంటనే ఈ సంగతి చెబుతారు, చిన్నప్పుడు స్కూల్లో చదువుకున్నదట.

వీసా గురించి కూడా అడిగారు. గల్ఫ్ రెసిడెన్సీ ఉన్నవాళ్లకు తేలిక, ఇండియా నుంచి నేరుగా వచ్చే అమ్మానాన్నలకు ఈ-వీసా, కానీ నిబంధనలు తరచూ మారుస్తున్నారు కాబట్టి ఆర్మేనియా విదేశాంగ శాఖ సైట్‌లో చూసుకున్నాకే టికెట్లు కొనండి, ట్రావెల్ ఏజెంట్ మాట మీద ఆధారపడకండి.

తిండి విషయంలో, కాస్కేడ్ పక్కన కెఫేలు బాగుంటాయి గానీ ధర ఊళ్లో మిగతాచోట్లకన్నా ఎక్కువ, అక్కడ కాఫీతో సరిపెట్టుకోండి. అమ్మగారు శాకాహారి అని రాశారు కదా, జింగ్యాలోవ్ హాత్స్ అని అడగండి, రకరకాల ఆకుకూరలు సన్నగా తరిగి రొట్టెలో కూరి పెనం మీద కాలుస్తారు, మాంసం ఉండదు, కారం మీరు తెచ్చుకున్న పొడి చల్లుకోవాల్సిందే. దాంతో తాన్ తాగండి, అచ్చం ఉప్పేసిన మజ్జిగ. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, ఊరంతా నడుమెత్తు రాతి దిమ్మెల్లోంచి చల్లటి తాగునీళ్లు చిమ్ముతూనే ఉంటాయి, పుల్పులాక్ అంటారు, అందరూ వంగి తాగుతారు, మేమూ అవే తాగుతాం. అమ్మగారు వంగలేరు కాబట్టి ఒక ఖాళీ సీసా మాత్రం సంచిలో వేసుకోండి.